తోకబండికి మెరుగులు

జూన్ 3

ఒరే తమ్ముడూ,

నువ్వూ, మరదలూ, పిల్లలూ క్షేమంగానే ఉండి ఉంటారు. లేకపోతే ఈపాటికి ఎవరో ఒకరు మోసుకొచ్చి చెప్పేవాళ్ళు. ఇక్కడ అందరం క్షేమమే, నువ్వు పంపిన బండి తప్ప.

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. ఫోన్‌లో నేను ఒక ముక్క అనేలోపు నువ్వు పది ముక్కలంటావు. ఉత్తరంలో నీకా వసతి లేదు. నేను చెప్పింది చివరిదాకా విని తీరాలి. నాకు అక్షరం రాదు, నోరొచ్చు. కోడలికి నోరు తక్కువ, అక్షరమొచ్చు. నేను చెబుతున్నాను, అది రాస్తోంది. నా మాట ఒక్కటి కూడా పొల్లుపోకూడదని ముందే చెప్పి కూర్చోబెట్టాను.

ఇక నా కేసు విను. పరుపులు మోసే మనిషి ఊరొదిలి వెళ్ళిపోయాడని నీతో ఒక మాట అన్నాను. అన్నందుకు మోటారుసైకిలు వెనక తగిలించుకునే సరుకుబండి ఒకటి చవగ్గా దొరికిందని లారీకి వేసి పంపావు. ఎంత చవకో పెట్టె విప్పగానే అర్థమైంది. చక్రాలు రెండున్నాయి, నిజమే. అవి రెండూ ఒకేవైపు చూడవు. రంగు నా అరచేతికి అంటుకుని వచ్చింది, బండికి ఏమైనా మిగిలిందో లేదో చూడాలి. బిగించడానికి బొమ్మల కాగితం పెట్టారు. బొమ్మల్లో ఉన్న బోల్టులు పెట్టెలో లేవు, పెట్టెలో ఉన్న బోల్టులు బొమ్మల్లో లేవు. వీధిలోవాళ్ళు దానికి తోకబండి అని పేరు పెట్టేశారు. నువ్వు పంపిన వస్తువుకి నిన్ను అడక్కుండానే నామకరణం జరిగింది, ఏమనుకోకు.

మొన్న లాడ్జీ వాళ్ళ పరుపులు దానిమీద కొండలా పేర్చి పంపాను. మోటారుసైకిలు నడిపేది కోడలే. గుంతలో పడ్డప్పుడల్లా తోకబండి కప్పలా గెంతింది. బ్యాంకు ముందర ఒక పరుపు జారి నేరుగా మురుక్కాలువలో పడింది. కొత్త దూది, కొత్త గుడ్డ, నా చేతి కుట్టు. బ్యాంకు మెట్లమీద నిలబడ్డవాళ్ళంతా చూశారట. చూడటానికి డబ్బు తీసుకునే బ్యాంకైతే బాగుపడేది.

అసలు సంగతి ఇది. నీ మేనల్లుడు, అదే నా పుత్రరత్నం, సాయంత్రం నీళ్ళ మీటర్లు చదవడం ముగించుకుని వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా తీర్పు చెప్పాడు. "అమ్మా, మోసే మనిషి పోయినప్పుడే కొట్టు మూయాల్సింది. వచ్చే నెల ఆసుపత్రి పరుపులు కూడా ఇలాగే మురుగులో పడితే ఇక షట్టరు దించేద్దాం. ముందుగది జిరాక్సు షాపు వాళ్ళడుగుతున్నారు" అన్నాడు. నాకూ ఒళ్ళు మండింది. "పడకుండా చేరిస్తే నువ్వు మళ్ళీ నా కొట్టు ఊసెత్తకూడదు" అన్నాను. "సరే" అన్నాడు. వాడు ఇంత తొందరగా సరే అన్నది పెళ్ళప్పుడు కూడా లేదు. అంటే వాడికి నీ బండి సంగతి నాకంటే బాగా తెలుసన్నమాట.

ఆసుపత్రి కొత్త వార్డు జూలై పదిహేనున తెరుస్తారు, దానికి పరుపులన్నీ నేనే చేర్చాలి. ఈలోపు దీన్ని బాగుచేసే ఉపాయం చెప్పు. కోడలు ఏదో గొణుగుతోంది, బండి ఖాళీగా ఉన్నట్టే ఎగురుతోందట. నా పరుపులు పెట్టాక ఖాళీగా ఎలా ఉంటుంది? ఈ ముక్క రాయొద్దన్నాను.

ఊరికే ఇచ్చిన బండికి ఊరికే ఏడుస్తున్న
నీ అక్క

జూన్ 9

అక్కకి,

ఉత్తరం అందింది. చివరిదాకా చదివాను. రెండుసార్లు చదివాను, ఎక్కడైనా థాంక్స్ అని ఉందేమోనని. లేదు.

రోడ్డు రోలర్ల షెడ్డులో ఉద్యోగం మొదలుపెట్టి అక్కడే రిటైరైనవాడిని నేను. నా చేతిమీదుగా బయటికెళ్ళిన ఒక్క రోలరు కూడా ఇంతవరకు ఎగరలేదు. ఎగిరిందని ఎవరూ ఉత్తరం రాయలేదు. కాబట్టి బండ్ల సంగతి నాకు వదిలెయ్.

జబ్బు ఏమిటో తెలిసిపోయింది. నువ్వే అన్నావు, కొండలా పేర్చానని. అది చవకబండి. దానికి ఇరుసు మీద రెండువైపులా ఉన్న, కుదుపు ఓర్చే కమాను పట్టీలు సన్నవి. కొండ బరువు పడేసరికి అవి పూర్తిగా అణిగిపోయి ఉంటాయి. అణిగిన పట్టీ గుంతను ఓర్చుకోలేదు, అందుకే దెబ్బ నేరుగా సరుక్కి తగులుతోంది. అటూ ఇటూ ఇంకో రెండేసి పట్టీలు వేయించు. లారీ పట్టీలు మా షెడ్డు వెనకాల పడున్నాయి, రేపే లారీకి వేస్తాను. బాడీకి చుట్టూ ఇనప కంచెలాంటిది వెల్డింగ్ చేయించు, సరుకు జారదు.

నీ కోడలమ్మాయి అన్నదానికి నవ్వొచ్చింది. ఖాళీబండి మీంచి పరుపు ఎలా పడుతుంది? నడిపేవాళ్ళకి హ్యాండిల్ సంగతి తప్ప ఇంకేం తెలుస్తుంది.

ఒక్కటి మాత్రం రాయి. లెక్కకి కావాలి. ఒక్కో పరుపు ఎన్ని కిలోలుంటుంది?

మీ మరదలు నిన్ను అడిగానని చెప్పమంది. ఏం అడిగిందో చెప్పలేదు.

నీ తమ్ముడు
(ఒక్క రోలరు కూడా ఎగరనివ్వనివాడు)

జూన్ 17

ఒరే తమ్ముడూ,

నీ పట్టీలు చేరాయి. లారీ ఆఫీసులో దించినప్పుడు నేల అదిరిందట. దాని సంగతి తర్వాత. ముందు నువ్వడిగిన ప్రశ్న సంగతి తేల్చుకుందాం.

పరుపు ఎన్ని కిలోలుంటుందని నన్నే అడుగుతావా? ఎవరింట్లో పుట్టావురా నువ్వు? కొనడానికొచ్చినవాడు "ఇందులో దూది ఎంత పోశావమ్మా" అన్నాడంటే దానికి అర్థం "ఎంత నొక్కేశావు" అని. అమ్మ ఈ కొట్టులో కూర్చున్నన్నాళ్ళూ ఒక్కడికీ బరువు చెప్పలేదు. "పడుకుని చూడు, నడుము చెబుతుంది" అనేది. నేనూ అంతే. చేతుల్లో బలమున్నప్పుడు చెప్పనిది, ఇప్పుడు నీ లెక్కకోసం కాగితం మీద రాయించి పోస్టాఫీసుల వాళ్ళందరికీ తెలిసేట్టు పంపుతానా? బరువే కావాలంటే రాసుకో. బండి కుంగేంత. చాలా?

ఇప్పుడు నీ వైద్యం సంగతి. మా వీధి చివర గేట్లు చేసే వెల్డరున్నాడు, గేట్లాయన. బుద్ధిమంతుడే, కాకపోతే గేట్లు తప్ప ఇంకేదీ కలలోకి రాదు. నీ పట్టీలు వేసి బిగించాడు. చుట్టూ కంచె కట్టమంటే కట్టాడు. గేటుకి ఎలా కడతాడో అలాగే, పూలతీగెలూ, పైన వరసగా బల్లెం మొనలూ పెట్టి మరీ కట్టాడు. "ఏమయ్యా, దొంగలు నా బండి దూకి లోపలికి రారు, ఈ మొనలెందుకు" అన్నాను. "అందంగా ఉంటుంది పెద్దమ్మా" అన్నాడు. అందానికి రెండు పరుపుల గుడ్డ చిరిగింది. మొనలన్నీ మళ్ళీ వాడిచేతే కోయించాను. వాడి మొహం చూస్తే చేతివేళ్ళు కోయించుకున్నట్టే ఉంది.

తర్వాత దిండ్లూ, పరుపులూ వేసి పంపాను. ఇదివరకు కప్పలా గెంతేది. ఇప్పుడు మేకలా దూకుతోంది. సెలూను ముందు స్పీడు బ్రేకరు దగ్గర ఒక దిండు లేచి వెళ్ళి, గడ్డం గీయించుకుంటున్నవాడి ఒళ్ళో పడింది. మంగలి చెయ్యి నిదానం కాబట్టి ఆ మనిషి ఈరోజు మనమధ్య ఉన్నాడు. దిండు బాగుందని అతను కొనుక్కున్నాడనుకో, అది వేరే సంగతి. అమ్మకానికి నేను ఎంచుకున్న పద్ధతైతే అది కాదు.

నీ మేనల్లుడు ఈ కథంతా విన్నాడు. కూర్చుని చాలాసేపు నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

గట్టిదేదైనా చెప్పు. రోజులు దగ్గరపడుతున్నాయి.

దిండ్లు ఎగరేస్తూ
నీ అక్క

జూన్ 23

అక్కకి,

కుంగేంత బరువంటావు, మళ్ళీ మేకలా దూకుతోందంటావు. రెండూ ఒక బండికి ఒకేసారి జరగవు. నువ్వు చెప్పింది అబద్ధమని నేననను. చిన్నప్పటినుంచి అనలేదు, అంటే ఏమయ్యేదో నాకు గుర్తుంది.

కాబట్టి ఇంక రెండే కారణాలున్నాయి. ఒకటి, బాడీ తేలిగ్గా ఉండటం. కింద వేసింది చెక్కపలక కదా, దాన్ని పీకి పారేయించు. రోలరు రేకు మందపుది ఒకటి పంపుతున్నాను, అది పరిపించు. బండి నేలకి అతుక్కుని పోతుంది. రెండోది చెప్పడానికి మొహమాటంగా ఉంది కానీ చెప్పకతప్పదు. ఇన్ని పట్టీలు వేశాక కూడా ఎగురుతోందంటే లోపం బండిది కాదు, నడిపే చేతిది. అమ్మాయి వేగంగా నడుపుతోంది. వేరే దారి లేదు. రోలరు నడిపేవాడిని చూడమను, నడుస్తున్నాడో నిలబడ్డాడో తెలియకుండా పోతాడు. సరుకుబండి అంటే అలా ఉండాలి. మేనల్లుణ్ణి ఒకమాట చెప్పమను. నేనన్నానని చెప్పినా ఫరవాలేదు.

దిండు ఎగిరి గడ్డం గీయించుకునేవాడి ఒళ్ళో పడ్డ సంగతి మీ మరదలికి చదివి వినిపించాను. ఊరికే ఉండకుండా, "ఎగరక ఏం చేస్తుంది, మీ అక్క దిండ్లలో గాలే కదా ఉండేది" అంది. ఆవిడ మాటలు నీకు చేరవేయడం నా పని కాదు.

ఇట్లు,
నీ మేలుకోరే తమ్ముడు

జూలై 1

తమ్ముడికి,

ఈసారి ఒరే అనను. ఒరే అనేది దగ్గరివాళ్ళని.

నీ ఉత్తరం నాకు ఎవరు చదివి వినిపిస్తారో నీకు తెలుసు కదా? తెలిసే రాశావా, తెలియక రాశావా? కోడలు పట్టుకుని చదివింది. "అమ్మాయి వేగంగా నడుపుతోంది, వేరే దారి లేదు" అని కూడా చదివింది, గొంతు ఎక్కడా తొట్రుపడకుండా, బస్సు టైము చదివినట్టు. చదివి, మడిచి, గూట్లో పెట్టి, లోపలికెళ్ళి గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. తోమినవే మళ్ళీ తోమింది.

ఆ ముక్కలు గదిలో ఉన్న నీ మేనల్లుడి చెవినా పడ్డాయి. వాడికి అంతకంటే ఏం కావాలి? "మామయ్యే అన్నాడు, ఇక నువ్వు ఆ బండి నడపక్కర్లేదు" అని మోటారుసైకిలు తాళం తీసి జేబులో వేసుకున్నాడు. పట్టుమని గంటకి మూడు మీటర్లు కూడా చదవని మనిషి. వేగం గురించి వాడు తీర్పు చెప్పాడు.

"సరే, నువ్వే నడిపి చూపించరా" అన్నాను. అప్పటికి నీ రోలరు రేకు రానే వచ్చింది. మోయడానికి గేట్లాయన, వాడి మనుషులు, ఎదురింటి అల్లుడు కూడా పట్టారు. పరిచారు. రెండు పరుపులు వేసుకుని నా కొడుకు వీరుడిలా బయల్దేరాడు. ఒప్పుకోవాలి, నీ వైద్యం పనిచేసింది. బండి ఎగరడం మానేసింది. కదలడం కూడా మానేసింది. తోస్తే కదిలింది. వంతెన ఎక్కుడు దగ్గరికొచ్చేసరికి మోటారుసైకిలు ముందుకి లాగుతోంది, తోకబండి వెనక్కి లాగుతోంది, మధ్యలో నీ మేనల్లుడు. కాలిన వాసన రావడం మొదలైంది. తర్వాత తోకబండి నెగ్గింది. మోటారుసైకిలుతో సహా వాణ్ణి వెనక్కి ఈడ్చుకొచ్చి, రోడ్డుకి అడ్డంగా పడేసి, కోళ్ళ వ్యాను దారి మూసింది. వ్యానువాడు దిగి, బండి కేసి చూసి, "ఇందులో ఏం తీసుకెళ్తున్నారు సార్, గోడా?" అన్నాడట.

మనిషికి దెబ్బలేం తగల్లేదు. తగిలిందల్లా పరువుకి. దానికి కట్టు కట్టే దారి లేక అరుపులు అరిచాడు. "ఇక చాలమ్మా, ఆసుపత్రివాళ్ళకి కబురు పంపు, వేరేవాళ్ళని చూసుకోమను" అన్నాడు. మరుసటిరోజు పొద్దున్నే జిరాక్సు షాపతను టేపు తెచ్చి నా గోడ కొలుచుకున్నాడు. నేను దూది ఏకుతుంటే, నా తలమీదుగా టేపు పరిచి కొలిచాడు. "పెద్దావిడా, కొంచెం వంగుతారా" అన్నాడు. ఈ వయసులో నేను ఎవరికి వంగాను?

నీ పట్టీలు నువ్వు తీసుకో. నీ రేకు తీసుకో. నా కొట్టు నాకివ్వు. పదిహేను దగ్గరికొచ్చింది, పరుపులు కుట్టి కట్ట కట్టి ఉన్నాయి, వాటిని దాటించే చక్రం లేదు, తాళం లేదు.

కోడలు రాస్తోంది. ఇదంతా కూడా దానిచేతే రాయించాల్సి వచ్చింది. నా తలరాత.

అక్క

జూలై 5

అక్కా,

ఒరే అనలేదని తెలియగానే భోజనం సహించలేదు. తిన్నాను, సహించలేదు.

నీ ఉత్తరం చదివి కూర్చుని ఆలోచించాను. పట్టీలు సరైనవి. రేకు సరైనది. లెక్కలో తప్పేం లేదు. అలాంటప్పుడు తప్పు నాకిచ్చిన అంకెలోనే ఉండాలి. నువ్విచ్చిన అంకె "కుంగేంత". సరే అని, నా కాపురానికి నువ్వు కుట్టిచ్చిన పరుపు మంచం మీంచి తీసి, చుట్టచుట్టి, భుజానికెత్తుకుని, పాత ఇనుము కొనే కొట్టుకి వెళ్ళాను. అతని తూకం పెద్దది. ఎక్కించాను. చుట్టూ ఉన్నవాళ్ళు అమ్మడానికి తెచ్చానేమోనని చూశారు, ఇంతకాలం తలెత్తుకు తిరిగిన వీధిలో.

అక్కా, ముల్లు కదిలీ కదలనట్టు కదిలింది. అతను తూకం చెడిపోయిందేమోనని దానిమీద కాలు పెట్టి చూసుకున్నాడు. మా మనవడు, వాడి పుస్తకాల సంచీ కలిపి అంతకంటే ఎక్కువ తూగుతారు. ఇదా నీ కొండ? ఇదా కుంగేంత?

ఇప్పుడు మొత్తం అర్థమైంది. దూది కొండలా కనిపిస్తుంది, కొండలా తూగదు. గట్టి పట్టీలు బరువు పడితేనే వంగుతాయి. పైన దూదే ఉంటే అవి వంగక, గుంత వచ్చినప్పుడల్లా బండినే ఎగరగొడతాయి. నేను రెండేసి వేయించి ఇంకా గట్టిపరిచాను. ఆ పైన రేకు వేయించి, ఈడ్చే బండిని ఈడ్చలేకుండా చేశాను. దూది మోసే బండిని రోలరులా తయారుచేశాను. ముందే కిలోలు చెప్పి ఉంటే ఇదంతా ఉండేది కాదు. నాది తప్పని కాదు నేననేది.

చేయాల్సింది ఇది. నేను పంపినవన్నీ పీకించు. అటూ ఇటూ ఒక్కొక్క సన్నపట్టీ ఉంచు. కింద మళ్ళీ చెక్కే వేయించు. టైర్లలో గాలి తగ్గించు. ఎత్తుగా పేర్చకు, గాలికి తెరచాపలా ఊగుతుంది. బరువు ఇరుసుకి కొంచెం ముందుగా ఉండేట్టు చూడు.

తూకం వేసి ఇంటికి రాగానే మీ మరదలు, "ఇప్పటికైనా నమ్ముతారా, మీ అక్క పెట్టిన దూది ఇంతే" అంది. ఇది మాత్రం చేరవేయక తప్పడం లేదు. నా కాపురానికి ఇచ్చిన పరుపులో కూడా గాలేనా?

నీ తమ్ముడు

జూలై 8

ఒరే,

సగం కోపం తగ్గింది కాబట్టి ఒరే. మిగతా సగానికి కారణాలు చెబుతాను.

నా పరుపుని పాత ఇనుము కొట్లో, తుప్పు మేకుల పక్కన తూకమేయించావు. నలుగురూ చూస్తుండగా. పెళ్ళికి కూడా ఎవరినీ అంత గట్టిగా ఎత్తుకుని తీసుకెళ్ళి ఉండవు. సరే, ఎత్తావు, తూచావు, అయిపోయింది. ఇక నీ భార్యని అడుగు. ఆ పరుపు పక్క కుట్టు ఒకవైపు నాది కాదు. నేను దబ్బనంతో కుట్టేదాన్ని, ఇంతింత దూరంగా, ఒకే వరసలో. పైపక్క చూడు, ఎవరిదో వంకరటింకర సూదికుట్టు ఉంటుంది. పరుపు కడుపు కోసి దూది తీసింది ఎవరో నన్నడుగుతావేం? మంచంమీద ఎదురుగా కూర్చుని అడుగు. నాకు జవాబు రాయక్కర్లేదు. రాస్తే చదివించుకుంటాను.

బండి సంగతి. నీ సామాను పీకేశాం. గేట్లాయన పీకేటప్పుడు ఎంత సంతోషంగా ఉన్నాడో, తన బల్లెం మొనల కక్ష నీ రేకు మీద తీర్చుకున్నట్టు. చెక్క పరిపించాను. మిగిలిన కంచెకి పరుపు గుడ్డే మడతలు పెట్టి వెడల్పు పటకాలు కుట్టాను, తాడులా కోసుకోకుండా పరుపుని అదిమి పట్టుకుంటాయి. పేర్చడం మానేశాం. కోడలే చెప్పింది, చుట్టలు చుట్టి ముందుకి పడుకోబెడదామని.

అదింకోటి కూడా చెప్పింది. నీ ఉత్తరం చదివి పెట్టాక, "బండి ఖాళీగా ఉన్నట్టే ఎగురుతోందని మొదటి ఉత్తరంలోనే రాశాను అత్తయ్యా" అంది. "నేను రాయొద్దన్నానుగా" అన్నాను. "మీరే అన్నారుగా, ఒక్క మాట పొల్లుపోకూడదని" అంది. దీనికి నోరు తక్కువని నీతో అన్నాను. వెనక్కి తీసుకుంటున్నాను.

ఎన్ని చుట్టలు ఎక్కడ పెట్టాలో లెక్క కుదరాలంటే బరువు తెలియాలంది. నన్ను అడగలేదు. తలొంచుకుని నిలబడింది. కొట్లో మేమిద్దరమే ఉన్నాం. షట్టరు సగం దించి, దాని చెవిలో చెప్పాను. అమ్మ నాకు చెప్పింది కూడా అలాగే. ఇంకెవరికీ చెప్పలేదు, నువ్వు తూచుకున్నది లెక్కలోకి రాదు, అది కడుపు కోసిన పరుపు.

ఇప్పుడు అన్నీ ఉన్నాయి, తాళం తప్ప. మీటర్ల మహారాజు కదలడం లేదు. "వేగంగా నడుపుతుందని మామయ్య రాసిచ్చాడు. కాదని మామయ్యే రాసివ్వాలి" అంటున్నాడు. వాడికి నా మాట చాలదు, పెళ్ళాం మాట చాలదు. ఎన్నడూ దాని బండి వెనక ఎక్కని మనిషి, ఎక్కడో ఉండి రాసిందే ప్రమాణం. కాబట్టి రాయి. గుండ్రంగా తిప్పి రాయకు. పదిహేనులోపు చేరాలి. చేరకపోతే ముందుగదిలో జిరాక్సు మిషను పెడతారు, నేను నీ ఇంటికొచ్చి నీ మంచం మీద ఆ గాలిపరుపు మీదే పడుకుంటాను. మరదలికి చెప్పు.

నీ అక్క

జూలై 11

మేనల్లుడికి చదివి వినిపించవలసింది:

అబ్బాయీ, నీ భార్య బండి వేగంగా నడుపుతుందని నేను రాసింది తప్పు. బండి ఎగిరింది నా పట్టీల వల్ల. దాని జబ్బు ఏమిటో మొదట చెప్పింది నీ భార్య, మొదట కొట్టిపారేసింది నేను. నీకు వంతెన దగ్గర జరిగిన దానికి కూడా నా రేకే కారణం, నీ నడపడం కాదు. ఇది నీకు ఊరట అవుతుందని రాస్తున్నాను. తాళం ఇచ్చెయ్యి.

మామయ్య

అక్కా, ఇక నీకు.

పైన రాసినదానికి మా ఇంట్లో సాక్షి సంతకం పెడతానంది మీ మరదలు. వద్దన్నాను. పక్క కుట్టు చూశాను. వంకరటింకరే. అడిగాను. లేచి వెళ్ళి రెండు దిండ్లు తెచ్చి నా ముందు పెట్టింది. ఇన్నేళ్ళుగా నేను తల పెట్టుకుంటున్నవే. మెత్తగా ఉన్నాయని నలుగురికీ చెప్పినవే. "పరుపు మరీ ఎత్తుగా ఉండేది, నాకు నడుంనొప్పి వచ్చేది, మీ అక్కతో అనడానికి భయమేసింది" అంది. భయం సంగతి నాకు తెలుసు కాబట్టి ఇంకేం అడగలేదు. కానీ అక్కా, నీ దూది గాలి కాదని ఒప్పుకుంది. తల ఊపింది. అంతకంటే రాతపూర్వకంగా దొరకదు.

తాళం ఇచ్చాడో లేదో వెంటనే రాయించు. షెడ్డు వాళ్ళని కలిసినప్పుడు ఈ కథ చెప్పలేదు. చెప్పను కూడా.

నీ తమ్ముడు

జూలై 17

ఒరే తమ్ముడూ,

నీ ఉత్తరం పదమూడున అందింది. కోడలు చదివింది. ఈసారి గొంతు ఒకచోట ఆగింది, "మొదట చెప్పింది నీ భార్య" అన్నచోట. దగ్గు వచ్చిందంది. వచ్చి ఉంటుంది.

నీ మేనల్లుడు మొత్తం విని, కాగితం అడిగి తీసుకుని, తనకు ఊరటనిచ్చిన వాక్యం మాత్రం మళ్ళీ చదువుకున్నాడు. తర్వాత తాళం తీసి బల్లమీద పెట్టాడు. కోడలి చేతికివ్వలేదు, బల్లకిచ్చాడు. మగవాళ్ళకి చేతులు అంత దూరం చాచడం కష్టమని నాకు తెలుసు.

పదిహేనున పొద్దున మబ్బు పట్టింది. చుట్టలన్నీ ప్లాస్టిక్ పట్టాలో కట్టి, పటకాలు బిగించాం. మొదటి విడతకి కోడలు ముందు, సైకిలు మీద నా కొడుకు వెనక. వాణ్ణి ఎవరూ రమ్మనలేదు. పరుపు పడిపోతే కళ్ళారా చూద్దామని వచ్చాడని నేను, పడబోతే పట్టుకుందామని వచ్చానని వాడు. రెండూ నిజమే అయి ఉండొచ్చు. నేను ఆటోలో వెళ్ళాను, ముందుగా, గేటు దగ్గర నిలబడటానికి.

బ్యాంకు ముందు గుంత దాటింది. సెలూను ముందు మిట్ట దాటింది. మంగలి బయటికొచ్చి, కత్తి పక్కన పెట్టి మరీ చూశాడట, పోయినసారి గుర్తుండి. వంతెన ఎక్కుడులో కోడలు గేరు మార్చి, ఆగకుండా, అరవకుండా ఎక్కేసింది. వెనక నా కొడుకు సైకిలు దిగి నడిచాడు. పైకొచ్చేసరికి పెళ్ళాం బండి కనబడలేదు. దింపుకుని తిరిగొస్తూ ఎదురైతే, "అంత వేగమెందుకే" అన్నాడట. "మామయ్యగారి ఉత్తరం ఇంట్లోనే ఉందండీ" అందట. నాకు వాడే చెప్పాడు. నవ్వుతూనే చెప్పాడు, ఈసారి ఆ నవ్వు నాకు నచ్చింది.

ఇలా పొద్దంతా తిరిగారు. మధ్యాహ్నానికి వాన దిగింది. ఆఖరి విడత వానలోనే వచ్చింది, కోడలు నిలువునా తడిసి, పరుపులు పొడిగా. ఆసుపత్రి సామాన్ల గుమాస్తా ఒకటి విప్పి, అరచేత్తో నొక్కి, "ఒక్కోటి ఎంత బరువమ్మా" అన్నాడు. నేను నోరు తెరిచేలోపు కోడలు జుట్టు పిండుకుంటూ, "మేం బరువు చెప్పమండీ, పడుకుని చూసుకోండి" అంది. అతను అటూ ఇటూ చూసి, చెప్పులు విప్పి, నిజంగానే పడుకున్నాడు. నర్సు వచ్చి లేపాల్సి వచ్చింది.

ఒక్క పరుపు పడలేదు, ఒక్కటి తడవలేదు. నా కొడుకు ఇంటికొచ్చి జిరాక్సతనికి ఫోన్ చేశాడు. నా ఎదురుగానే చేశాడు. "ఆ గది ఖాళీ లేదండీ" అన్నాడు. అంతకుమించి పొగడ్త వాడి దగ్గర ఆశించడం మర్యాద కాదు.

నిన్న నేను కొట్టుకి వెళ్ళేసరికి షట్టరు తెరిచి ఉంది. లోపల నా చాపమీద, నేను కూర్చునేచోట కోడలు కూర్చుని హాస్టలు వాళ్ళతో దిండ్ల బేరం మాట్లాడుతోంది. "అత్తయ్యా, అలా కూర్చోండి" అని కొనేవాళ్ళు కూర్చునే బల్ల చూపించింది. ఇన్నేళ్ళలో ఆ బల్లమీద నేను కూర్చోవడం అదే మొదలు. గట్టిగా ఉంది. వచ్చినవాళ్ళని ఇంతకాలం దానిమీద కూర్చోబెట్టి పరుపులు అమ్మానా అనిపించింది. ఎందుకు కొన్నారో ఇప్పుడర్థమైంది. అది బేరంలో నాలుగు మాటలు తప్పు మాట్లాడింది. సరిచేద్దామని లేవబోయాను. హాస్టలు వాళ్ళు అప్పటికే ఒప్పేసుకున్నారు. మళ్ళీ కూర్చున్నాను.

తోకబండి బాగుంది. ఇక దానికి ఏమీ పంపకు. చేతులు దురదపెడితే మరదలికి తక్కువ ఎత్తు మంచం ఒకటి చెయ్యి, మోయగలిగేంత బరువులో. పరుపు విప్పించి ఆ దిండ్ల దూది మళ్ళీ అందులో పోయించకు. అలాగే ఉండనీ. నడుము నొప్పంటే నేనే పలచగా కుట్టేదాన్ని కదా, అడగాల్సింది అని చెప్పు. అరవనని చెప్పు. అరిస్తే అరుస్తాను, కుట్టడం మాత్రం కుట్టేదాన్ని.

నా కేసులో చెప్పాల్సింది ఇంకా చాలా ఉంది. నీ రేకు ఇప్పుడెక్కడుందో, గేట్లాయన దాన్ని ఏం చేస్తానంటున్నాడో, ఆ బ్యాంకు వాళ్ళ సంగతీ. కానీ కోడలు లేవడానికి చూస్తోంది. కొట్టుకి ఎవరో వచ్చారట, బయటినుంచి "అమ్మా" అంటున్నారు. నేను ఆ పిలుపుకి లేవబోతే, "మిమ్మల్ని కాదత్తయ్యా" అంది. ఇక రాయడం ఆపుతానంటోంది. ఈ ఇంట్లో ఆపమని చెప్పాల్సింది నేను.

సరే, ఆపమన్నాను.

నీ అక్క